ముందు తాగే మనిషి

ఎదురింట్లో బోరు పడింది. వీధి వీధంతా బురదైంది. నా తీగ మీద ఆరేసిన బట్టలన్నీ రాతిపిండి పట్టి బూడిద రంగుకు తిరిగాయి. అయినా నేను ఒక్క మాట అనలేదు. నా నోటి సంగతి తెలిసినవాళ్ళకి ఇది వింతగానే ఉంటుంది. కానీ ఎవర్నని ఏం లాభం? ఈ వేసవిలో కాశీబుగ్గలో ఏ వీధికి వెళ్ళినా బోరు బండే కనిపిస్తోంది. కుళాయి ఎప్పుడొస్తుందో తెలియదు, వచ్చినా బిందె నిండకముందే పోతుంది. ఎవరి తిప్పలు వాళ్ళవి.

సాయంత్రం ఎదురింటి లక్ష్మి కొత్త చీర కట్టుకుని, అంచుకి పసుపు రాసిన స్టీలు గ్లాసుతో వచ్చింది. కొత్త బోరు నీళ్ళు. కొబ్బరికాయ కొట్టి, గంగమ్మకి దణ్ణం పెట్టి, మొదటి నీళ్ళు తీర్థంలా ఇంటి పెద్దకిచ్చి, తర్వాత ఇరుగుపొరుగుకి పంచడం మా వీధిలో అలవాటు.

"తీసుకో ఒదినా. కొబ్బరి నీల్లలాగున్నాయి," అంది.

గ్లాసు అందుకున్నాను. అందుకుంటూండగానే నా నోట్లోంచి మాట జారిపోయింది.

"నీల్లెక్కడివి?"

లక్ష్మి తెల్లబోయింది. "ఎక్కడివేటి ఒదినా? నీ కల్లెదురుగానే కదా బోరేసినారు!"

నాకు నవ్వొచ్చింది, సగంలోనే ఆగిపోయింది. ఆ మాట నాది కాదు. ఆ గొంతు కూడా నాది కాదు. మా పెద్దత్తది. తర్వాత తాగుతాలే అని చెప్పి లక్ష్మిని పంపేశాను. గ్లాసు పిట్టగోడ మీద పెట్టి, దాని పక్కనే కూర్చున్నాను.

పెద్దత్త అంటే మా ఆయన తల్లికి అక్క. బారువ వెళ్ళే దారిలో, సముద్రం హోరు వినపడే ఉద్దానం ఊరు ఆమెది. చుట్టూ కొబ్బరి, జీడి, పనస తోటలు. ఆ ఇంట్లో మగవాళ్ళు ఒకరి వెనక ఒకరు వెళ్ళిపోయారు. ముందు మరిది, తర్వాత మొగుడు, ఆఖరికి కొడుకు. ముగ్గురిదీ ఒకటే జబ్బు. మా వైపు దానికి పెద్ద పేర్లు అక్కర్లేదు, కిడ్నీ అంటే చాలు, విన్నవాళ్ళు ఇంకేమీ అడగరు. ఎందుకొస్తోందో మాత్రం ఇంతవరకూ ఎవరూ తేల్చి చెప్పలేదు. నీళ్ళన్నారు, మట్టన్నారు, ఎండలో పనన్నారు, పొలం మందులన్నారు. ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి సీసాల్లో నీళ్ళు పట్టుకుపోయారు. కొడుకు దినాలు కాగానే మా ఆయన వెళ్ళి పెద్దత్తని మా ఇంటికి తీసుకొచ్చేశాడు. వస్తూ ఆమె తెచ్చుకున్నది ఒక ట్రంకు పెట్టె, ఒక ఇత్తడి చెంబు.

పొడుగ్గా, ఎండు కర్రలా ఉండేది. అడ్డపొగ తాగేది. అంటే చుట్ట వెలిగించి, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని పీల్చడం. మా సముద్రపు ఊళ్ళ ఆడవాళ్ళకి అదొక విద్య. నిప్పు నోట్లో ఉండగానే మాట్లాడేది, కసిరేది, పాటలు కూడా పాడేది. అంత నిప్పుని నోట్లో పెట్టుకోడానికి భయపడని మనిషి గ్లాసుడు నీళ్ళు చూస్తే భయపడేది. ఎవరింటికి వెళ్ళినా, ఎవరు మంచినీళ్ళిచ్చినా, ముందు అడిగే మాట ఒక్కటే. "నీల్లెక్కడివి?" కుళాయివా, నూతివా, బోరువా, డబ్బావా. జవాబు నచ్చకపోతే గ్లాసు అలాగే కింద పెట్టేసి, సంచిలోంచి తన చెంబు తీసి తాగేది. ఆ సంచీ చెంబూ లేకుండా ఆమె గుమ్మం దాటగా నేను చూడలేదు. నా పరువు ఎన్నిసార్లు తీసిందో లెక్కలేదు.

ఇంకొకటుంది. అది తల్చుకుంటే ఇప్పటికీ నా పిక్కలు జివ్వుమంటాయి. పెద్దత్త మనుషుల్ని పలకరించే పద్ధతి వేరు. బాగున్నావా అనేది కాదు, ఎప్పుడొచ్చావనేది కాదు. కూర్చోమని, కాలు ముందుకు పెట్టించుకుని, చీలమండ పైన ఎముక మీద తన బొటనవేలుతో గట్టిగా నొక్కేది. వేలు తీసి, అక్కడ పడిన సొట్టను కళ్ళు చిట్లించి చూస్తూ కూర్చునేది. ఒంట్లో నీరు పడితే ఆ సొట్ట అలాగే ఉండిపోతుందని, పట్టకపోతే వెంటనే లేస్తుందని ఆమె మొగుడి దగ్గర, కొడుకు దగ్గర నేర్చుకున్న పాఠం. మా అమ్మాయి చిన్నప్పటినుంచీ ఆ వేలి కింద పెరిగింది.

"ఒలే గుంటా, ఇలగ రా. కాలు పెట్టు."

నొక్కేది. చూసేది. తర్వాత నోట్లో చుట్ట ఒక పక్కకి జరిపి, "సొట్ట పోనాది. ఎల్లు, ఆడుకో," అనేది. ఆ 'ఎల్లు' అనే మాట వినేదాకా పిల్ల కదిలేది కాదు. పిల్లేమిటి, పాలవాడు కదిలేవాడు కాదు, గ్యాసు బండ తెచ్చినవాడు కదిలేవాడు కాదు. నవ్వుతూనే కాలు చాపేవారు. వేలు తీశాక మాత్రం ఎవరూ నవ్వగా నేను చూడలేదు. అందరూ వంగి తమ కాలు తామే చూసుకునేవారు.

ఒకసారి టెక్కలిలో మా ఆడపడుచు కూతురికి పెళ్ళిచూపులు. పిల్లాడు హరిశ్చంద్రపురం వైపువాడు, ఉద్యోగస్తుడు, ఇస్త్రీ నలగని ప్యాంటు. మాటలు కుదిరి, పలహారాలు తింటూ అందరం సంబరంగా ఉన్నాం. పెద్దత్త లేచి వెళ్ళి పిల్లాడి కుర్చీ ముందు నేల మీద చతికిలబడింది.

"బావూ, కాలు ఇలగ పెట్టు."

మా ఆయన గోడవైపు తిరిగాడు. పిల్లాడు ఏదో ఆచారం కాబోలనుకుని బుద్ధిగా మేజోడు కిందికి లాగి కాలు చాపాడు. పెద్దత్త నొక్కింది. ఆడపెళ్ళివారం సిగ్గుతో చచ్చిపోతున్నాం గానీ, నేను చూసింది పిల్లాడి తల్లి మొహం. ఆవిడ పుట్టిల్లు భావనపాడు దగ్గర, అదీ ఆ జబ్బు ఊళ్ళ వైపే. ఆవిడకి తెలుసు అదేమిటో. చేతిలో లడ్డు అలాగే పట్టుకుని కొడుకు కాలివైపే చూస్తోంది.

"సొట్ట పోనాది. ముహూర్తం పెట్టీసుకోండి," అంది పెద్దత్త.

ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టేసుకుంది. కోప్పడుతుందనుకున్నాను, పెద్దత్త చేతులు పట్టుకుంది.

ఇలాంటి మనిషి ఇంట్లో ఉండగా మా ఆయన బోరు వేయిస్తానన్నాడు. కుళాయి నీళ్ళని నమ్ముకోలేక ఊరంతా వేయించుకుంటోంది, మనకీ ఒకటి అండగా ఉండాలన్నాడు. తప్పేం లేదు. కాని పెద్దత్త ఒంటికాలి మీద లేచింది.

"ఇది తాగడానికి కాదే పెద్దమ్మా," అని బతిమాలాడాడు మా ఆయన. "కొళాయి రాని రోజుకి అక్కరకొత్తాదని."

"అక్కరకే తాగుతారు బావూ. అక్కర లేపోతే బోరు నీల్లు ఎవలు తాగుతారు?"

"ఫిల్టరు పెట్టిత్తానులే."

"వడకట్టడానికి అందులో ఏటున్నాదో తెలియాల కదా."

కానీ మా ఆయనా మొండే, పెద్దమ్మ పోలికే. రెండు వేసవుల కిందట బోరు బండి వచ్చింది. పగలంతా ఇల్లు అదిరింది. అటక మీద గిన్నెలు వాటంతటవే కదిలాయి. పెద్దత్త పెరటి అరుగు మీద కూర్చుని, గొట్టంలోంచి ఎగజిమ్మే తెల్లటి బురదని చూస్తూ చుట్ట మీద చుట్ట కాల్చింది. నీళ్ళు పడ్డాయని పనివాళ్ళు కేకేసినప్పుడు అందరం చప్పట్లు కొట్టాం. ఆమె ఒక్కతే చెవులు మూసుకుంది.

మోటారు బిగించిన రోజున కొబ్బరికాయ కొట్టాం. అరటిపండుకి అగరొత్తులు గుచ్చి, గొట్టానికి పసుపు కుంకాలు పెట్టాం. మొదటి గ్లాసు ఇంటి పెద్దకివ్వాలి. మా ఇంట్లో పెద్ద ఆమే. మా ఆయన గ్లాసు పట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు గాని, చెయ్యి చాపడానికి భయపడుతున్నాడు. విసిరి కొడుతుందనే నేనూ అనుకున్నాను.

పెద్దత్త నోట్లో చుట్ట తీసి అరుగు మీద పెట్టింది. గ్లాసు అందుకుంది. ఈసారి ఎక్కడివని అడగలేదు. గుటకలు వినిపించేలా, ఆఖరి చుక్క దాకా తాగేసింది.

మా ఆయన మొహం వెలిగిపోయింది. "సూసినావా, మా పెద్దమ్మ మెత్తబడిపోనాది," అన్నాడు నాతో. ఆ ఆనందం ఎంతోసేపు లేదు. మా అమ్మాయి తన గ్లాసు పట్టుకుని కుళాయి దగ్గరికి వెళ్ళేసరికి పెద్దత్త దాని చెయ్యి పట్టుకుని ఆపేసింది. ఆ తర్వాత ప్లంబరుని పిలిచి, "వంటింట్లోకి గొట్టం ఎయ్యకు బావూ. పెరట్లో ఒక్క కొళాయి పెట్టు, సాలు," అంది.

మర్నాడు పొద్దున్నే చూస్తే పెరటి కుళాయి కింద ఇత్తడి చెంబు పెట్టి నింపుకుంటోంది. నాకు ఒళ్ళు మండింది.

"ఏటత్తా ఇది? మమ్మల్ని తాగొద్దని, నువ్వు తాగుతున్నావా?"

"కూకో," అంది.

కూర్చున్నాను.

"మా ఊర్లో అందరం ఒక్క నుయ్యి నీల్లే తాగీసినాం. సిన్నా పెద్దా అందరం ఒక్కసారే. ఆ తరవాత ఒకలెనక ఒకలు పడిపోతంటే, నీల్ల వల్లో మరి దేని వల్లో ఎలగ తెలుత్తాది? తాగనోడు ఒకడున్నా తెలిసేది. ఈడు బాగున్నాడు, ఆడు పడిపోనాడు అని సూసుకుందుము. ఆ తెలివి మాకు నేకపోనాది. ఈ ఇంట్లో అలక్కాదు. నాను తాగుతాను, మీరు తాగకండి. నా కాలు సూత్తా ఉండండి. ఏడాది గడిసిపోతే, ఆ తరవాత మీ ఇట్టం."

"నీకేటైనా అయితేనో?"

"అయితే తెలుత్తాది కదా," అంది, ఎంతో తేలిగ్గా.

అప్పటికే మా ఆయన ఆ నీళ్ళు పరీక్షకిచ్చాడు, తాగొచ్చని కాగితం కూడా వచ్చింది. అది చూపిస్తే పెద్దత్త చదవనైనా లేదు. మా ఊరి నీల్లకీ బాగున్నాయనే రాసినారు అంది. నేను చెంబు దాచేశాను. ఆమె మధ్యాహ్నం దాకా పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా ఎండలో కూర్చుంది. పెదాలు ఎండిపోయి పగిలాయి. చెంబు తెచ్చి ఒళ్ళో పడేసి, నీ ఇష్టం వచ్చినట్టు చావు అని తిట్టాను. ఆమె నవ్వింది. పట్టిన పట్టు విడిచే మనిషి కాదు.

అప్పటినుంచి మా ఇంట్లో పొద్దు ఒకే తీరున మొదలయ్యేది. పెరట్లో కుళాయి చప్పుడు, చెంబు నిండే చప్పుడు, తర్వాత ఏ చప్పుడూ లేకపోవడం. ఆ చివరిది నాకు భయం. అప్పుడామె అరుగు మీద కూర్చుని, చీర కాస్త పైకి లాగి, తన కాలి మీద తనే నొక్కి చూసుకునేది. నేను వంటింటి కిటికీలోంచి చూస్తూ, "సొట్ట పోనాది" అనే మాట కోసం చెవులు రిక్కించి నిలబడేదాన్ని. ఆ మాట వినపడ్డాకే పొయ్యి వెలిగించేదాన్ని. బోరు నీళ్ళతో బట్టలుతికాం, గిన్నెలు తోమాం, మొక్కలకి పోశాం. కరివేపాకు ఏపుగా ఎదిగింది. ఆ పచ్చదనం చూసి కూడా నాకు అనుమానమే.

వానలు మొదలయ్యాక ఒక రోజు తన రబ్బరు చెప్పులు బిగుతైపోయాయంది. రబ్బరు కదా, తడికి ముడుచుకుపోయి ఉంటుందనుకున్నాను. ఒక సైజు పెద్దవి తెచ్చాను. దసరా దాటకముందే అవీ బిగుతయ్యాయి. చెప్పులు విప్పి గుమ్మంలో కాళ్ళు కడుక్కుంటూంటే చూశాను. పాదాల మీద పట్టీ ముద్రలు లోతుగా దిగిపోయి ఉన్నాయి. కాళ్ళు తుడుచుకుని, లోపలికి వచ్చి, భోంచేసి లేచినా ఆ ముద్రలు అలాగే ఉన్నాయి.

"అత్తా, కాలు పెట్టు," అన్నాను.

పెట్టలేదు. చీర కుచ్చిళ్ళు కిందికి లాక్కుంది. జీవితమంతా ఊరివాళ్ళ కాళ్ళు పట్టి చూసిన మనిషి, తన కాలు మాత్రం పరాయి వేలికి ఇవ్వదు. నేను బలవంతంగా మడమ పట్టుకుని లాగి, నా బొటనవేలుతో నొక్కాను. పిండిలో నొక్కినట్టు దిగింది. వేలు తీసి చూస్తూ కూర్చున్నాను. అది లేవలేదు. ఇద్దరం దానివైపే చూస్తున్నాం.

"ఎన్నాల్నుంచి?" అని అరిచాను.

"తెల్దు కోడలా. పొద్దున్న సూత్తే బాగానే ఉంటన్నాది. పొద్దోతే వత్తంది," అంది. తర్వాత గొంతు తగ్గించి, "బోరు మూయించీమను. తెలిసిపోనాది," అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె మొహంలో భయం లేదు. పని పూర్తయిన మనిషి మొహంలా ఉంది. అది చూసి నాకు ఏడుపాగలేదు.

ఆసుపత్రిలో రక్తం తీశారు, పొట్ట మీద స్కానింగు చేశారు. డాక్టరు కుర్రవాడు, ఓపిగ్గా చెప్పాడు. ఇది నిన్నమొన్నటిది కాదమ్మా, ఏళ్ళ తరబడి లోపల నడుస్తూనే ఉంది, కిడ్నీలు అప్పుడే చిన్నవైపోయాయి అన్నాడు. మరి రోజూ కాలు నొక్కి చూసుకుంటూనే ఉంది కదా బాబూ అన్నాను నేను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "కాలు చూసుకుని తెలుసుకునే జబ్బు కాదమ్మా ఇది. కాళ్ళు వాచేసరికే చాలా ఆలస్యమైపోతుంది. రక్తం పరీక్ష చేస్తేనే ముందు తెలుస్తుంది."

ఆ బొటనవేలు, ఆ సొట్ట, ఎల్లు ఆడుకో అనే ఆ మాట. అది విని ధైర్యంగా లేచి వెళ్ళినవాళ్ళందరూ, టెక్కలి పెళ్ళికొడుకుతో సహా, ఒక్కొక్కరే నా కళ్ళ ముందుకొచ్చారు.

పెద్దత్త మాత్రం వేరే లెక్కలో ఉంది.

"అయితే ఇది మా ఊర్నుంచి తెచ్చుకున్నదేనా బావూ? ఇక్కడి నీల్లది కాదా?" అని అడిగింది.

"ఇక్కడి నీళ్ళ మంచీ చెడూ మిమ్మల్ని చూసి చెప్పలేం. మీకు ముందే ఉంది కదా," అన్నాడు డాక్టరు.

ఆమె మొహం అప్పుడు మారింది. జబ్బు మాట విన్నప్పుడు మారని మొహం, ఈ మాటకి ఒక్కసారిగా వాడిపోయింది. ఇంటికొచ్చే ఆటోలో నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. కొడుకు పోయినప్పుడు కూడా నా ముందు అలా ఏడవలేదు.

"నా పరీచ్చ పాడైపోనాది కోడలా. నా ఒల్లు ముందే సెడిపోనాదని తెలిత్తే నాను తాగకుందును. ఇన్నాల్లూ ఒట్టినే తాగీసినాను. ఏటీ తెల్లేదు." కొంగుతో కళ్ళు తుడుచుకుని, "మరిప్పుడు ఎవలు తాగుతారు?" అంది.

"ఎవరూ తాగరు. నువ్వు ఊరుకో," అని కసిరాను.

డయాలిసిస్‌కి తిప్పాం. కొడుకుని ఏ మంచం పక్కన కూర్చుని చూసుకుందో, అలాంటి మంచం మీదే తను పడుకుంది. అక్కడ కూడా పక్క మంచాల వాళ్ళని నీల్లెక్కడివి అని అడిగేది. వాళ్ళు ఊరి పేరు చెప్పేవారు, ఈమె తలూపేది. చలికాలం వెళ్ళకముందే పోయింది. ఆఖరి రోజుల్లో మాట పడిపోయినా, ఎవరైనా దగ్గరికొస్తే ఆ బొటనవేలు దుప్పటి మీద నొక్కుతున్నట్టు కదిలేది.

ఆమె పోయాక ఉద్దానం ఊళ్ళకి దూరం నుంచి గొట్టాల్లో మంచినీళ్ళు వస్తున్నాయంటున్నారు. మంచిదే. మా కాశీబుగ్గ వీధికి మాత్రం ఈ ఏడు ఉగాదినుంచి కుళాయి దాదాపు నిలిచిపోయింది. డబ్బా నీళ్ళ ఆటో వస్తే వచ్చినట్టు. మా ఆయన స్కూటరు మీద రైల్వే స్టేషన్ దగ్గరి నీళ్ళ దుకాణం దాకా వెళ్ళి, డబ్బా కాళ్ళ మధ్య పెట్టుకుని మోసుకొస్తున్నాడు. ఆమధ్య ఒక రోజు నడుం పట్టేసి, డబ్బా గుమ్మంలో కుదేసి అన్నాడు.

"పెరట్లో బోరు పెట్టుకుని ఈ కర్మేటి మనకి? డాక్టరు నీల్ల వల్ల కాదన్నాడు కదా!"

"నీల్ల వల్ల కాదనలేదు. ఆవిణ్ణి చూసి చెప్పలేమన్నాడు."

"మరెవర్ని సూసి సెప్పాల?"

ఆ ప్రశ్నకి జవాబు నేనే. ఆ జవాబు అప్పటికే పని మొదలుపెట్టింది. ఉగాది వెళ్ళిన వారంలోనే ఎవరికీ చెప్పకుండా వెళ్ళి రక్తం పరీక్షకిచ్చి వచ్చాను. అంతా బాగుందన్నారు. ఆ పని పెద్దత్త చెయ్యలేదు, అందుకే ఆమె పరీక్ష పాడైపోయింది. నాది పాడవ్వకూడదు. ఆ మర్నాటి నుంచే ఇత్తడి చెంబు పెరటి కుళాయి కింద పెట్టి, ఆ నీళ్ళే తాగుతున్నాను. మూడు నెలలకోసారి మళ్ళీ రక్తం ఇస్తాను. ఏడాది గడవనివ్వండి, ఆ తర్వాత వీళ్ళ ఇష్టం. మా ఆయనకి ఈ మాట చెప్పిన రోజున పిచ్చెక్కిందా నీకు అని ఎగిరాడు, రెండు పూటలు అన్నం మానేశాడు. ఇప్పుడు పొద్దున్నే పెరటివైపు రావడం మానేశాడు.

లక్ష్మి గ్లాసు నేనెందుకు తాగలేదో ఆవిడకెలా చెప్పను? రెండు బోర్ల నీళ్ళు కలిస్తే ఏది ఏమిటో ఎలా తెలుస్తుంది? చీకటి పడబోతూంటే ఆ నీళ్ళు కరివేపాకు మొదట్లో పోసి, గ్లాసు కడిగి, పెరటి అరుగు మీద కూర్చున్నాను.

అప్పుడే మా అమ్మాయి కాలేజీనుంచి వచ్చింది. సంచీ కూడా దించకుండా అరుగు కింద నేల మీద చతికిలబడింది. నేను చెప్పలేదు, ఎప్పుడు గమనించిందో దానికే తెలియాలి. నా కాలు ఒళ్ళోకి లాక్కుని, చీలమండ పైన బొటనవేలుతో నొక్కింది. డాక్టరు మాట్లాడిన రోజు అదీ మాతోనే ఉంది, దానికీ తెలుసు ఈ వేలు ఏమీ చెప్పదని. అయినా కళ్ళు చిట్లించి చూస్తూ కూర్చుంది.

"సొట్ట పోయిందమ్మా," అంది.

"ఎల్లు, సదువుకో," అన్నాను.

అది లేవలేదు.

"ఆ కాలు కూడా పెట్టు," అంది.